తూము షెడ్డులో కేబుల్ పట్టుకున్నదెవరు

ఒరేయ్, ముందు అందరూ నోరు మూసుకుని చదవండి. మధ్యలో ఎవడైనా దెయ్యం స్టిక్కర్ పెట్టాడో, గ్రూపులోంచి పీకేస్తా.

పెదపాడు దాటి కొల్లేటికోట వైపు వెళ్తుంటే రొయ్యల చెరువులు వస్తాయి కదా. అందులో ఆరు చెరువులు మల్లికార్జునరావుగారివి. ఏలూరులో బట్టల షాపు ఉంది, ఆయనే. ఆ చెరువుల తూర్పు గట్టు మీద, నీళ్ళు వదిలే తూము పక్కన, రేకుల షెడ్డు ఒకటుంది. తూము షెడ్డు అంటారు. చీకటి పడ్డాక అటు ఎవడూ వెళ్ళడు. పగలు కూడా మేత బస్తాలు మోసేవాళ్ళు పడమటి గట్టు మీదుగా చుట్టూ తిరిగి వెళ్తారు. అరకిలోమీటరు ఎక్కువైనా సరే, నెత్తిన బస్తా ఉన్నా సరే.

ఎందుకంటే... ముత్యాలరావు అక్కడే చచ్చిపోయాడు.

రెండేళ్ళ కింద. కాపలా మనిషి ఆయన. ఏరేటర్ ఉంటది చూడు, చక్రాలు తిప్పి నీళ్ళలో గాలి కలిపే మోటారు, దానికి నాచు చుట్టుకుంటే తీద్దామని నీళ్ళలోకి దిగాడు. దిగినట్టు తెలియక షెడ్డులో ఎవడో స్విచ్ వేశాడు. అంతే.

అప్పట్నుంచి రాత్రి ఒంటిగంట దాటితే షెడ్డు వైపు నుంచి కేక వినపడుద్ది. దొంగల్ని బెదిరించడానికి కాపలావాళ్ళు పెట్టే కేక. "హో...య్" అని. ముత్యాలరావు అలాగే పెట్టేవాడంట. బరువుగా, నీళ్ళ కిందనుంచి వచ్చినట్టు ఉంటదంట. విన్నవాళ్ళు ఒకళ్ళూ ఇద్దరూ కాదు.

ఇప్పుడు చెప్పేది మా హరిణక్కకి జరిగింది. మా పెద్దమ్మ కూతురు. తాడేపల్లిగూడెంలో డిప్లొమా చేసి, ఏలూరులో ఓ చిన్న కంపెనీలో ఫ్యాక్టరీలకీ చెరువులకీ నెట్‌వర్కులు పెడుతుంది. మొన్న ఆదివారం మేడ మీద బట్టలు ఆరేస్తూ తనే చెప్పింది. నేను ఒక్క ముక్క కలపట్లా.

ముత్యాలరావు పోయాక మల్లికార్జునరావుగారు గట్ల మీద స్విచ్‌లన్నీ పీకించేశారు. ఇక ఏ మోటారైనా గేటు దగ్గర కంట్రోల్ రూములోంచే. కంప్యూటర్ ముందు మనిషి కూర్చుని, కెమెరాలో చూసి, నొక్కితేనే తిరగాలి. కంప్యూటర్‌కీ మోటారుకీ మధ్య సిగ్నల్ తెగిందా, మోటారు ఆగిపోవాలి. తనంతట తను మళ్ళీ తిరగకూడదు.

మంచి రూలే. కానీ కేబుల్ తెగితే మోటార్లు ఆగిపోతాయి కదా. రొయ్యలకి రాత్రి రెండు నుంచి తెల్లారేదాకా నీళ్ళలో గాలి చాలదు. ఆ టైములో గంట మోటార్లు ఆగితే... పొద్దున్నే ఎర్రగా పైకి తేలతాయి. చెరువు చెరువంతా.

అందుకే అక్క రింగ్ పెట్టింది. ఈథర్నెట్ రింగ్. కంట్రోల్ రూములోంచి కేబుల్ బయల్దేరి, పడమటి గట్టు మీద మోటార్లని నడిపే డబ్బాల్ని కలుపుకుంటూ చివరి చెరువుల దాకా వెళ్ళాలి. అక్కడ్నుంచి తూర్పు గట్టు మీదుగా, తూము షెడ్డు పక్కనుంచి తిరిగి కంట్రోల్ రూముకి రావాలి. గుండ్రంగా అన్నమాట. మామూలప్పుడు కంట్రోల్ రూములో నెట్‌వర్క్ స్విచ్ అనే పెట్టె ఒక దారి మూసి ఉంచుద్ది. లేకపోతే మెసేజ్‌లు గుండ్రంగా తిరుగుతూనే ఉండి నెట్‌వర్క్ మొత్తం చస్తది. ఎక్కడైనా తెగిందా, టక్కున మూసిన దారి తెరుస్తది. ఒకటి పోతే ఇంకోటి.

కేబుల్ వేసింది కాంట్రాక్టరు పండుగారు. ఇద్దరు మనుషుల్ని పెట్టుకుని నాలుగు రోజుల్లో అవగొట్టేశాడు. అక్క కంట్రోల్ రూములో ఒక ప్లగ్గు పీకి చూసింది. మోటార్లు ఆగలా. రెండోది పీకి చూసింది. ఆగలా. సూపర్. "రెండు దారులూ పనిచేస్తున్నాయి" అని కాగితం మీద రాసి సంతకం పెట్టేసింది.

వారం తర్వాత వాన పట్టుకుంది. ఇంకో మూడు రోజుల్లో పట్టుబడి, అంటే రొయ్యలు పట్టి అమ్మేసే రోజు. రొయ్య మంచి సైజుకొచ్చింది. మల్లికార్జునరావుగారు ఫోన్ చేశారు. "అమ్మాయ్, ఈ మూడు రాత్రులూ నువ్వే వచ్చి కూర్చో తల్లీ. నాకు భయంగా ఉంది. నీ సంతకం చూసి నమ్మాను" అని.

సరే అని వెళ్ళింది. తోడు పండుగారు.

మొదటి రాత్రి. ఒంటిగంట నలభై...

స్క్రీను మీద చివరి రెండు చెరువులూ ఎర్రబడ్డాయి, అక్కడి ఎనిమిది మోటార్లకీ సిగ్నల్ లేదు.

అక్క కంగారు పడలా. రెండో దారి తెరుచుకుంటది కదా, సెకను కూడా పట్టదు. చూస్తూ కూర్చుంది. ఐదు సెకన్లు. పది. ఎరుపే.

తెగిన రెండు చోట్లూ చూపించింది స్క్రీను. పడమటి దారి... తెగింది. తూర్పు దారి... తెగింది. ఒకే సెకనులో.

అప్పుడే దూరంగా, వానలోంచి...

"హో...య్."

పండుగారు కుర్చీలోంచి లేచి గోడకి అతుక్కుపోయాడు. "మేడంగారూ... రెండూ ఒకేసారి ఎలా తెగుతాయండీ? మనిషి పనేనా అండీ ఇది?"

అక్క ఒక్క నిమిషం ఆయన మొహం చూసింది. భయం ఒకటే లేదు ఆ మొహంలో. ఇంకేదో ఉంది.

"పండుగారూ, మీకు దండం పెడతానండీ. ఒక్క మాట నిజం చెప్పండి. తూర్పు గట్టు మీద కేబుల్ వేశారా?"

పండుగారు స్క్రీను వైపు తిరిగాడు.

"వేశారా లేదా అండీ?"

"మీకు రెండు కేబుళ్ళు కదా కావాలి. రెండూ వేశానండీ."

"ఎక్కడ?"

"...పడమటి గట్టు మీదేనండీ. ఒకే గాడిలో, పక్కపక్కనే. తూము షెడ్డు దగ్గర గుంత తవ్వడానికి మా కుర్రాళ్ళు రామన్నారు. నేను మాత్రం ఒక్కణ్ణే ఎలా వెళ్తానండీ? పిల్లలు గలవాణ్ణి."

అర్థమైందా? వానకి పడమటి గట్టు జారింది. గట్టుతో పాటు రెండు కేబుళ్ళూ పుటుక్కున పోయాయి. కాగితం మీద గుండ్రం. మట్టిలో ఒకటే గీత.

తూర్పు గట్టు కోసం తెచ్చిన రెండు చుట్టలూ స్టోర్ రూములో కవరు కూడా చింపకుండా ఉన్నాయంట. రెండో కేబుల్‌కి సీసీ కెమెరాల కోసం తెచ్చిన పొడుగు చుట్ట వాడేశాడు మహానుభావుడు.

అక్క తిట్టలేదంట. ఎందుకు తిట్టలేదే అనడిగా. ఒక బట్ట దులిపి తీగ మీద వేసి చెప్పింది. "నేనూ ఆ గట్టు మీద నడవలేదే. నడిచి చూసి సంతకం పెట్టాలి. బురదగా ఉంది, రేపు చూద్దాం, ఎల్లుండి చూద్దాం అనుకున్నా. బురద కాదు. ఆ షెడ్డు పేరు విని నాకూ భయమే వేసింది."

చేతి మీటరు తీసుకుని చివరి చెరువు దగ్గరికి పరిగెత్తింది. నీళ్ళలో గాలి నాలుగుండాలి. మూడు చూపిస్తోంది. పది నిమిషాలాగి చూస్తే రెండు పాయింట్ ఎనిమిది. టార్చి వేస్తే గట్టు వారన రొయ్యలు... వందలు వందలు... ఒడ్డుకి చేరి మీసాలు పైకి పెట్టి ఉన్నాయి.

మల్లికార్జునరావుగారికి ఫోన్ చేస్తే "వస్తున్నా, కానీ రోడ్డు మీద నీళ్ళు నిలిచాయి" అన్నారు. ఎంతసేపు పడుద్దో ఆయనకే తెలీదు.

అక్క రెండు చుట్టలూ భుజాన వేసుకుంది.

"మేడంగారూ, ఎక్కడికండీ?"

"తూర్పు గట్టు మీదకి. రండి."

"నన్ను చంపెయ్యండి, రాను. ఇక్కడ్నుంచి కేబుల్ వదుల్తా ఉంటాను, మీరు లాక్కెళ్ళండి. ఆ కొస ఎందులో గుచ్చాలో చెప్పండి, గుచ్చుతాను."

"చాలండీ. చాలా ధైర్యం చేశారు."

చూడండి, దెప్పేటప్పుడు కూడా అండీయే. మా అక్క అంతే.

తూర్పు గట్టు. వాన. ఫోన్ టార్చి పళ్ళతో పట్టుకుంది. ఒక చేత్తో చుట్ట తిప్పుతూ, ఇంకో చేత్తో కేబుల్ నేలకి వదులుతూ వెళ్తోంది. చెప్పులు బురదలో దిగబడితే వదిలేసి వట్టి కాళ్ళతో నడిచింది. వెనక కంట్రోల్ రూము లైటు చిన్నదైపోయింది. ముందు ఏమీ లేదు. చీకటి...

షెడ్డు ముందుకొచ్చింది. తలుపు లేదు. లోపల తూము గోడ, తుప్పు పట్టిన చక్రం, కింద గొట్టంలో నీళ్ళు గుడగుడమంటున్నాయి.

మొదటి చుట్ట సరిగ్గా అక్కడ అయిపోయింది. రెండోది విప్పి, షెడ్డులోంచి చివరి డబ్బా దాకా లాగి, గుచ్చి, మళ్ళీ వెనక్కొచ్చింది. ఇక రెండు కొసలూ కలపాలి. చిన్న ప్లాస్టిక్ జాయింటు అంతే. అటొక ప్లగ్గు, ఇటొక ప్లగ్గు, టిక్ మంటే అయిపోయినట్టు.

టిక్ మనలా.

జాయింటు కొక్కెం విరిగిపోయి ఉంది. జేబులో నలిగిందో ఏమో. ఇంకోటి లేదు. చేత్తో నొక్కి పట్టుకుంటే పనిచేస్తది, వదిలితే జారిపోతది. తనేమో ఇక్కడ కూర్చోడానికి లేదు. సిగ్నల్ వచ్చినా మోటార్లు వాటంతటవి తిరగవు కదా. కంప్యూటర్ దగ్గర మనిషి నొక్కాలి. అది కూడా ఒక్కొక్కటి, మధ్యలో ఇరవై సెకన్లు ఆగి. అన్నీ ఒకేసారి నొక్కితే ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజులు ఎగిరిపోతాయి. పండుగారి చేతులు చూస్తే... గ్లాసుతో నీళ్ళు కూడా తాగలేకపోతున్నాడు అప్పటికి.

జడకున్న రబ్బరు బ్యాండు పీకి జాయింటుకి చుట్టింది. నాలుగు చుట్లు. తూము చక్రం మీద పెట్టింది. పెట్టగానే గాలికి కేబుల్ ఊగి...

జారింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ జారింది.

అప్పుడు వినపడింది. దగ్గర్నుంచి. ఎంత దగ్గరంటే గుండెల్లో మోగింది.

"హో...య్."

అక్కకి టార్చి తిప్పే ధైర్యం లేదంట. ఏడుపొచ్చేసింది. తర్వాత... ఒళ్ళు మండిపోయింది.

ఇక్కడ చెరువంతా చచ్చిపోతుంటే, ఒక్క మనిషి సాయం లేక తను వానలో రబ్బరు బ్యాండ్లు చుట్టుకుంటుంటే, ఈయన తీరిగ్గా కేకలు పెడతాడా?

చీకట్లోకి తిరిగి గట్టిగా అరిచింది.

"ముత్యాలరావుగారూ! మీరు నిజంగా ఇక్కడుంటే ఊరికే కేకలెయ్యడం కాదండీ! ఇవి మీరు కాసిన చెరువులు కాదూ? వచ్చి ఇది పట్టుకోండి! ఇదిగో, ఈ రెండూ కలిపి నొక్కి పట్టుకోవాలి! తెల్లారేదాకా వదలకూడదు! చేతనైతే పట్టుకోండి, లేదంటే నోరు మూసుకోండి!"

ఒరేయ్, దెయ్యానికి డ్యూటీ వేసింది మా అక్క!

నీళ్ళ చప్పుడు ఒక్కటే. అక్క జాయింటు చక్రం మీద పెట్టి, వెనక్కి చూడకుండా కంట్రోల్ రూముకి పరుగు.

స్క్రీను మీద ఆ లింకు పచ్చగా ఉంది. మోటార్లు ఒక్కొక్కటే నొక్కింది. ఒకటి... రెండు... మూడు...

ఎరుపు. మూడూ ఆగిపోయాయి.

పచ్చ. మళ్ళీ మొదట్నుంచి. ఒకటి... రెండు...

ఎరుపు.

గాలి కొట్టినప్పుడల్లా జారుతోంది. టైము రెండూ యాభై. తను వెళ్ళి పట్టుకుంటే నొక్కేవాళ్ళు లేరు. ఇక్కడ కూర్చుంటే పట్టుకునేవాళ్ళు లేరు. పండుగారు కళ్ళు మూసుకుని ఆంజనేయస్వామిని పిలుస్తున్నాడు.

పచ్చ.

ఒకటి. ఇరవై సెకన్లు. రెండు. ఇరవై సెకన్లు. మూడు. నాలుగు...

బయట గాలి రేకుల్ని లేపేస్తోంది. పచ్చ అలాగే ఉంది. ఐదు. ఆరు. ఏడు. ఉరుము ఉరిమింది. పచ్చే. ఎనిమిది మోటార్లూ తిరిగాయి.

అక్క స్క్రీను మీదనుంచి కళ్ళు తియ్యలా. పది నిమిషాలు. అరగంట. ఆ గాలికి రబ్బరు బ్యాండు నిలబడదు. తనకి తెలుసు, తనే చుట్టింది కదా.

పండుగారు ఒక కన్ను తెరిచాడు. "మేడంగారూ... నిలబడిందండీ?"

"నిలబడింది."

"ఎవరు పట్టుకున్నారండీ?"

అక్క మళ్ళీ స్క్రీను వంకే చూసింది. ఇంకో సంగతి కూడా గమనించింది. మూడు అయింది. మూడున్నర అయింది. నాలుగు అయింది. మామూలుగా ఆ టైముకి నాలుగైదు కేకలన్నా వినపడాలి.

ఆ రాత్రి మళ్ళీ ఒక్క కేక లేదు.

ఐదున్నరకి కారు వచ్చింది. మల్లికార్జునరావుగారు లుంగీ మోకాళ్ళ దాకా ఎగ్గట్టుకుని దిగారు. వెంట వాళ్ళ మోటార్ల మెకానిక్. "పోయాయా తల్లీ?" అనడిగారు, దిగుతూనే.

"లేదండీ. గాలి మూడు పాయింట్ తొమ్మిది ఉంది. కానీ ఇంకా ఎండ రాలేదు. గంట దాకా మోటార్లు ఆగకూడదు."

మెకానిక్‌ని కంప్యూటర్ దగ్గర కూర్చోబెట్టి, ఏది ఎర్రబడితే ఏం నొక్కాలో చెప్పి, టేపు జేబులో వేసుకుని అక్క తూర్పు గట్టు మీదకి నడిచింది. మల్లికార్జునరావుగారూ వెనకే వచ్చారు. పండుగారు కూడా వచ్చాడు. తెల్లారింది కదా, వీరుడు!

షెడ్డు దగ్గరైంది. లోపల... తూము గోడ మీద... ఎవరో కూర్చుని ఉన్నారు.

పండుగారు అక్కడే ఆగిపోయాడు.

నెత్తిన యూరియా సంచి ముసుగు. తల వంచుకుని, కదలకుండా. రెండు చేతులూ ఒళ్ళో. ఆ చేతుల్లో జాయింటు. వేళ్ళు తెల్లగా, నానిపోయి, ముడుచుకుపోయి ఉన్నాయి.

అక్క దగ్గరికి వెళ్ళి సంచి పక్కకి తీసింది.

ఆడమనిషి. యాభై ఏళ్ళుంటాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అక్కని చూసి చాలా మామూలుగా అంది.

"తెల్లారిందా అమ్మా?"

"కనకరత్నం!" మల్లికార్జునరావుగారు అరిచారు. "నువ్వా!"

ముత్యాలరావు పెళ్ళాం.

"మీరెప్పుడొచ్చారండీ ఇక్కడికి?" అక్క నోట్లోంచి అదొక్కటే వచ్చింది.

"నేను రోజూ వస్తానమ్మా. నువ్వొచ్చినప్పుడు ఆ గోడ వెనకున్నాను. నువ్వు ఆయన్ని పిలిచావు, పట్టుకోమన్నావు. ఆయన లేడు కదా." చేతుల వంక చూసుకుంది. "నువ్వెళ్ళాక కూడా జారుతుంటే, ఇక నేనే పట్టుకున్నాను."

"మరి ఆ కేకలు..." పండుగారు దూరంనుంచే అడిగాడు.

"నావే. ఈ తూము గొట్టంలోకి కేకేస్తే మగాడి గొంతులా వస్తది. ఆయన నేర్పిందే."

"ఎందుకమ్మా ఇదంతా?" మల్లికార్జునరావుగారికి కోపమో, సిగ్గో. "రెండేళ్ళ నుంచి ఊరందర్నీ బెదరగొడుతున్నావా? నిన్నెవరు రమ్మన్నారు?"

"ఎవరూ రమ్మనలేదండీ. ఆయన పోయాక, ఆ కాపలా పని నాకిమ్మని మీ షాపు మెట్ల దగ్గర మూడుసార్లు నిలబడ్డాను. ఆడదానికి రాత్రి కాపలా ఏంటన్నారు. మీరు పెట్టిన మగవాళ్ళేమో దెయ్యమని ఈ వైపు రావడం మానేశారు. మానేసిన నెలకే దొంగలు వలేశారు. నేను చూశాను. కేకేశాను. పారిపోయారు." కాస్త ఆగింది. "మా ఆయన్ని దెయ్యం అన్నారు. అననీ అనుకున్నాను. బతికున్నప్పుడూ కాపలాయే, చచ్చాకా కాపలాయే. ఒక్క రొయ్య పోయిందా అండీ ఈ రెండేళ్ళలో?"

మల్లికార్జునరావుగారు చెరువుల వైపు తిరిగారు. అటు ఎనిమిది మోటార్లూ నీళ్ళు చిలుకుతూనే ఉన్నాయి. లుంగీ దించుకుంటూ ఆయన అన్నారు,

"సరే, సరే. ఆ పని సంగతి తర్వాత చూద్దాంలే. పాపం రాత్రంతా కూర్చున్నావు. ఇక ఇంటికెళ్ళు. అమ్మాయ్, ఆ టేపు చుట్టెయ్."

మా అక్క జేబులో చెయ్యి పెట్టింది. టేపు తగిలింది. చెయ్యి అలాగే ఉంచింది.

"టేపు తేలేదండీ" అంది.

ఆయన అక్క వంక చూశారు. అక్క చెరువు వంక చూసింది. ఎండ ఇంకా రాలేదు.

కనకరత్నంగారు చేతులు కొంచెం పైకెత్తింది, జాయింటుతో సహా, ఆయనకి బాగా కనపడేటట్టు. బొటనవేలు కొంచెం వదులు చేసింది. కొంచెమే.

"ఏవండీ," అంది, మెత్తగా, "తర్వాతంటే ఎప్పుడండీ? నన్ను ఇది వదిలెయ్యమంటారా?"